చేర్చుకోవడం, నిలుపుకోవడం: ఆదోని–ఎమ్మిగనూరు ప్రాంతంలో డిగ్రీ ప్రవేశాల పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉన్నత విద్యాపాలనలో ‘నమోదు నిర్వహణ’ అనే భావన 1970లలో అమెరికాలో రూపుదిద్దుకొంది. విద్యార్థిని చేర్చుకోవడం, చదువు ముగిసేవరకు నిలుపుకోవడం అనే రెండు పనులను ఒకే బాధ్యతగా చూడడం దాని మూలసూత్రం. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యలో ఈ సూత్రంలోని మొదటి సగం ఆన్‌లైన్ ప్రవేశాల రూపంలో స్థిరపడింది. రెండవ సగానికి విధానమే కాదు, నికరమైన మాట కూడా ఏర్పడలేదు. ఈ లోటు పర్యవసానం వలస ప్రాంతాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలను ఆధారంగా తీసుకొని, ప్రవేశ ప్రకటనలు, కరపత్రాలు, హాజరు నిబంధనలు, గణాంక నివేదికలలోని భాషను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్థానికంగా వాడుకలో ఉన్న ‘సుగ్గి’ అనే మాటకు ఈ పరిభాషలో చోటు లేకపోవడమే విద్యార్థి నిష్క్రమణను కనబడకుండా చేస్తున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నమోదు నిర్వహణ, డిగ్రీ ప్రవేశాలు, సుగ్గి, పాలనా పరిభాష, ప్రేరణార్థకం, పశ్చిమ కర్నూలు, తెలుగుశాఖ.

1. ఉపోద్ఘాతం

శాసనాలను, కైఫీయత్తులను సాహిత్య పాఠాలతో సమానమైన శ్రద్ధతో చదవడం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. ఒక దానశాసనంలో పొలం ఎల్లలకు వాడిన మాటల నుంచి ఆనాటి నీటి వసతిని, పన్నుల తీరును, కులవృత్తులను రాబట్టిన పరిశోధకులు మనకున్నారు. నేటి విద్యాసంస్థల దస్త్రాలకు కూడా అదే పద్ధతిని అన్వయించవచ్చు. డిగ్రీ ప్రవేశ ప్రకటన, దరఖాస్తు, కళాశాల కరపత్రం, హాజరుపట్టీ, వార్షిక గణాంక నివేదిక అనేవి ఏటా లక్షలాది యువతీయువకుల జీవితాలను వర్గీకరించే రచనలు. వాటిలో ఏ మాట ఉంది, ఏ మాట లేదు అన్నది విమర్శకుడు పట్టించుకోవలసిన విషయమే.

ఈ పరిశీలనకు తెలుగు వ్యాకరణమే ఒక సాధనాన్ని అందిస్తోంది. తెలుగు క్రియలకు ప్రేరణార్థక రూపాలున్నాయి. చేరు – చేర్చు, నిలుచు – నిలుపు, మాను – మాన్పు. మొదటి రూపంలో పని చేసేవాడే కర్త. రెండవ రూపంలో ఆ పనికి కారణమైన మరొక కర్త ఉంటాడు. డిగ్రీ విద్యాపాలన భాషలో ఈ మూడు జంటలు ఎలా పంచబడ్డాయో గమనిస్తే ఒక క్రమం బయటపడుతుంది. ప్రవేశాల కాలంలో కళాశాల ‘ఇంతమందిని చేర్చుకొన్నాం’ అంటుంది. అక్కడ కర్తృత్వం సంస్థది. విద్యార్థి రావడం ఆగిపోయినప్పుడు ‘మానేశాడు’ అంటుంది. అక్కడ కర్తృత్వం విద్యార్థిది. ‘మాన్పించిన’ కారణాన్ని చెప్పవలసిన అవసరం ఏ దస్త్రానికీ కలగదు. ఇక ‘నిలుపు’ అనే క్రియ ఈ పరిభాషలో దాదాపుగా కనిపించదు.

ఇది గణాంక సర్వే కాదు, పరిభాషపై విమర్శ. కాని పరిభాషలోని లోటు వ్యాకరణంతో ఆగిపోదని, అది నిధుల కేటాయింపు దాకా, చివరకు ఒక విద్యార్థి పరీక్ష రాయడం, రాయకపోవడం దాకా సాగుతుందని చూపడం దీని ఉద్దేశం.

2. నమోదు నిర్వహణ: భావన, దాని రెండు సగాలు

1970ల నడుమ అమెరికాలోని బోస్టన్ కళాశాల ఆర్థిక ఇబ్బందుల్లో ఉంది. అక్కడ ప్రవేశాల విభాగాన్ని నిర్వహించిన జాక్ మాగ్వైర్ 1976లో ఆ సంస్థ పూర్వవిద్యార్థుల పత్రికలో రాసిన వ్యాసం ‘నమోదు నిర్వహణ’ అనే మాటకు ప్రచారం కల్పించింది. అంతకుముందు ప్రవేశాలు, ఉపకారవేతనాలు, రికార్డులు, విద్యార్థి సలహా సేవలు వేరువేరు గదుల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచేవి. వీటన్నింటినీ ఒకే బాధ్యత కిందికి తేవాలని మాగ్వైర్ వాదించాడు. చేరినవారు ఎందుకు మధ్యలో వెళ్లిపోతున్నారో పరిశోధించడం కూడా ఆ బాధ్యతలో భాగమే. తరువాతి దశాబ్దాల్లో ఇది అమెరికా విశ్వవిద్యాలయాలలో ప్రత్యేకమైన ఉద్యోగజీవితంగా ఎదిగింది.

దాదాపు అదే సమయంలో విన్సెంట్ టింటో 1975లో విద్యార్థి నిష్క్రమణపై ఒక సైద్ధాంతిక నమూనాను ప్రతిపాదించి, 1987లో దానిని గ్రంథరూపంలో విస్తరించాడు. విద్యార్థి కళాశాల బౌద్ధిక జీవితంతోను, సామాజిక జీవితంతోను ఎంతగా ముడిపడితే అంతగా నిలుస్తాడన్నది ఆయన వాదం. పాత సమాజం నుంచి విడివడి కొత్త సమాజంలో కలవడాన్ని ఆయన ఇందులో ఒక దశగా భావించాడు. విలియం టియర్నీ 1992లో దీనిని విమర్శించాడు. అల్పసంఖ్యాక సముదాయాల నుంచి వచ్చే విద్యార్థి తన వాళ్లను వదులుకొంటేనే నిలుస్తాడని చెప్పే సిద్ధాంతం, సంస్థ మారవలసిన అవసరాన్ని దాచిపెడుతుందన్నది ఆయన ఆక్షేపణ. ఈ ఆక్షేపణ మన ప్రాంతానికి మరింత వర్తిస్తుంది.

నమోదు నిర్వహణను ఆదర్శంగా చూపడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఫీజు రాయితీలను అవసరాన్ని బట్టి గాక, సంస్థకు ఎవరు వస్తే లాభమో లెక్కగట్టి పంచే ధోరణికి అది దారితీసిందన్న విమర్శ అమెరికాలోనే బలంగా ఉంది. కాని ఆ భావనలో ఒక నిజాయితీ ఉంది. చేర్చుకొన్న సంస్థే నిలుపుకోవడానికి కూడా జవాబుదారీ అని అది ఒప్పుకొంది. మన డిగ్రీ కళాశాలలో ఇలాంటి ఉద్యోగమే లేదు. ప్రిన్సిపల్, ప్రవేశాల కమిటీ, కంప్యూటర్ ముందు కూర్చొనే ఒకరిద్దరు ఉద్యోగులు, విశ్వవిద్యాలయంలో కళాశాలాభివృద్ధి మండలి డీన్, ఆపైన రాష్ట్ర ఉన్నత విద్యామండలి – వీరి మధ్య పని చీలిపోయి ఉంటుంది. ప్రవేశాల గడువు ముగిసిన తరువాత ఆ విద్యార్థి ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఏ దస్త్రంలోనూ దొరకదు.

3. ప్రాంతం: మారిన విశ్వవిద్యాలయాలు, మారని దూరం

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన భూభాగంలో ఆదోని (పూర్వపు ఆదవాని) ఒక భాగం. ‘దత్తమండలాలు’ అనే పేరు ఆ అప్పగింత నుంచే వచ్చింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరును ప్రతిపాదించారు. ఆయన అనంతపురం కళాశాలలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త. పాలకుడు పెట్టిన మాటను ఒక అధ్యాపకుడు మార్చిన సందర్భం ఇది. పాలనా పరిభాషను విమర్శించడం, మరో మాటను సూచించడం భాషాధ్యాపకుల పని కాదనుకొనేవారు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

ఉన్నతవిద్య విషయంలో ఈ ప్రాంతం ఎప్పుడూ ఏదో ఒక దూరపు కేంద్రానికి అనుబంధంగానే ఉంది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినా, కొద్దికాలానికే దత్తమండలాల కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లాయి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లతో పాటు విశ్వవిద్యాలయ కేంద్రం కూడా ఒక అంశం కావడం గమనించదగినది. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ కేంద్రం ఉండాలన్నది ఆ ఒప్పందం. ఆ తరువాత 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. కేంద్రం క్రమంగా దగ్గరైంది. అయినా ఆదోని నుంచి కర్నూలుకు నేటికీ వంద కిలోమీటర్ల దరిదాపు ప్రయాణం. కోసిగి, కౌతాళం, హొళగుంద పల్లెలకు ఆదోనే ఒక ప్రయాణం.

2011 జనాభా లెక్కల ప్రకారం నాటి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం. స్త్రీలలో అది 50 శాతానికి చేరలేదు. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా విడిపోయాక మిగిలిన కర్నూలు జిల్లాలో పశ్చిమ మండలాల బరువు మరింత పెరిగింది. ఈ ప్రాంతం ఒకే భాషది కూడా కాదు. సరిహద్దు పల్లెల్లో కన్నడ మాధ్యమ పాఠశాలలున్నాయి. ఆదోనిలో ఉర్దూ చదువుకొనే కుటుంబాలున్నాయి. 2016లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడడానికి ఈ నేపథ్యం కూడా ఉంది. ఇన్ని భాషల ఇళ్ల నుంచి వచ్చేవారిలో చాలామంది తమ ఇంట్లో కళాశాల మెట్లెక్కిన మొదటి తరం.

4. ప్రవేశ ప్రకటన మాట్లాడే భాష

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. తెలంగాణలో 2016 నుంచి ‘దోస్త్’ ఉంది. ఒకటి అక్షరాలు పేర్చిన పొడి పేరు, మరొకటి స్నేహాన్ని సూచించే పేరు. పేర్లు వేరైనా రెండింటి లోపలి పదజాలం ఒకటే. రిజిస్ట్రేషన్, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, మలివిడత, మిగులు సీట్లు, భర్తీ.

ఈ పదాలన్నింటికీ కేంద్రం ‘సీటు’. వాక్యంలో విద్యార్థి కర్తగా కనిపించేది రుసుము చెల్లించేటప్పుడు, ఆప్షన్ ఇచ్చేటప్పుడు మాత్రమే. తక్కిన చోట్ల సీటు ఖాళీగా ఉంటుంది, సీటు భర్తీ అవుతుంది, సీటు మిగిలిపోతుంది. ‘భర్తీ’ అనేది సైన్యానికి, ఉద్యోగాలకు వాడే మాట. నింపడం దాని అర్థం. ఒకసారి నిండినది ఖాళీ అయినా ఆ సంవత్సరానికి నిండినట్లే. తెలుగు పలుకుబడిలో ‘చేరడం’ అంటే పేరు రాయించుకోవడం మాత్రమే కాదు, ఒక చోటికి వెళ్లి అందుకోవడం కూడా. ఊరు చేరడం, గట్టు చేరడం అన్నప్పుడు ప్రయాణం పూర్తయిందన్న అర్థం ఉంటుంది. ప్రవేశ పరిభాష ఈ రెండవ అర్థాన్ని తుడిచేసింది.

ఆన్‌లైన్ పద్ధతి చేసిన మేలును కాదనడం న్యాయం కాదు. రిజర్వేషన్ల అమలు, ప్రతిభాక్రమం, కళాశాలల వివరాలు ఒకే చోట తెలియడం, దళారుల అవసరం తగ్గడం చిన్న విషయాలు కావు. విమర్శ ఆ పద్ధతి ఉనికిపై కాదు, దాని పరిధిపై. ప్రవేశద్వారం దగ్గర ప్రతి అడుగునూ నమోదు చేయగల యంత్రాంగం, ఆరు నెలల తరువాత అదే విద్యార్థి తరగతిలో ఉన్నాడా అన్నదాన్ని ప్రవేశాల ఫలితంలో భాగంగా ఎందుకు చూడదు? సాంకేతికత చాలక కాదు. ఆ ప్రశ్నకు పేరు పెట్టకపోవడం వల్ల.

పేరు పెట్టకపోవడం అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. ‘నిలుపుదల’ అనే మాట ఇప్పటికే పాలనలో ఉంది, కాని సరిగ్గా వ్యతిరేకార్థంలో. పనుల నిలుపుదల, వేతన నిలుపుదల, ఉత్తర్వుల నిలుపుదల – ఆపివేయడమే దాని అర్థం. ‘కొనసాగింపు’ అనే మాట సంస్థల గుర్తింపుకు, అనుబంధానికి కేటాయించబడింది. విద్యార్థిని చదువులో నిలిపే పనికి ఒక మాట మిగలలేదు. ఈ వ్యాసంలో ‘నిలుపుకోవడం’ అని వాడింది ఇందుకే. ‘చేర్చుకోవడం’తో అది జంటగా నిలుస్తుంది, రెండింటిలోనూ సంస్థ కర్తృత్వం స్పష్టంగా ఉంటుంది.

5. సుగ్గి

పశ్చిమ కర్నూలు పల్లెల్లో పనుల కోసం కుటుంబాలు ఊరు విడిచి వెళ్లడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, ఆ కాలపు సంబరం. ఎల్ల దాటి వచ్చిన ఈ మాట ఇక్కడ మరో ఊరి పంటకోతకు వెళ్లడంగా మారింది. సొంత పంట పండుగను చెప్పే మాట, పరాయి పొలంలో కూలిని చెప్పే మాట కావడంలోనే ఈ నేల ఆర్థికచరిత్ర ఉంది. వర్షాధారపు భూములు, చివరి ఆయకట్టుకు నీరందడం కష్టమైన తుంగభద్ర దిగువకాలువ, ఒక వాన తప్పితే తలకెత్తుకోవలసిన అప్పు – వీటి మధ్య ఆ అర్థం రూపొందింది. ఖరీఫ్ పని తగ్గాక, దసరా దీపావళి దాటాక, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద వైపు పల్లెల నుంచి కుటుంబాలు పత్తితీతకు, మిరపకోతకు గుంటూరు వైపు, తెలంగాణ జిల్లాలకు, కట్టడం పనులకు బెంగళూరుకు తరలుతాయి. చాలామంది తిరిగివచ్చేది ఉగాది దరిదాపుల్లో.

ఈ పంచాంగాన్ని విద్యాసంవత్సరం పక్కన పెట్టి చూడాలి. డిగ్రీ మొదటి సంవత్సరం ప్రవేశాలు విడతలు విడతలుగా సాగి, తరగతులు కుదురుకొనే వేళకు సుగ్గి మొదలవుతుంది. మొదటి సెమిస్టర్ పరీక్షలు, రెండవ సెమిస్టర్ తరగతులు సుగ్గి నడిమిలో పడతాయి. విద్యార్థి ముందు మూడు దారులుంటాయి. కుటుంబంతో వెళ్లి కూలి చేయడం, ముసలివారిని, పశువులను, తమ్ముళ్లను చూసుకొంటూ ఇంటి దగ్గర ఉండడం, హాస్టల్లో ఉండి చదవడం. రెండవ దారి ఎక్కువగా ఆడపిల్లల వంతు అవుతుంది. ఊళ్లో ఉన్నా ఆమె తరగతికి రాలేదు. ఇంట్లో పెద్దలు లేని నెలల్లో బస్సెక్కి ఆదోనికి వెళ్లి రావడానికి అనుమతి దొరకడమూ కష్టమే. పెళ్లి ప్రస్తావన తొందరపడడానికి కూడా ఇలాంటి పరిస్థితులు కారణమవుతాయి.

ఎమ్మిగనూరు సమస్య రూపం కొంత వేరు. అది మగ్గాల పట్టణం. 1938లో మాచాని సోమప్ప నాయకత్వంలో ఏర్పడిన చేనేత సహకార సంఘం దానికి పేరు తెచ్చింది. మగ్గం నడిచే ఇంట్లో నేత ఒక్కరి పని కాదు. ఆసు పోయడం, కండెలు చుట్టడం, అచ్చు అతకడం ఇంటిల్లిపాదీ చేతుల మీద నడుస్తుంది. ఆదోని వైపు పల్లె విద్యార్థి ఊరు విడిచి తరగతికి దూరమవుతాడు. మగ్గం ఇంటి విద్యార్థి ఇల్లు విడవలేక దూరమవుతాడు. హాజరుపట్టీలో ఇద్దరికీ పడేది ఒకే గుర్తు.

ఆ గుర్తుకు చట్టబలం ఉంది. 75 శాతం హాజరు సాధారణ నిబంధన. 2020లో మొదలైన విద్యాదీవెన వంటి ఫీజు పథకం కూడా ఇదే షరతును పెట్టింది. హాజరు కొంత తగ్గితే మినహాయింపు ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, అయితే దానికి సాధారణంగా అంగీకరించే కారణం అనారోగ్యం. వైద్యుని ధ్రువపత్రం చెల్లుతుంది, సుగ్గి చెల్లదు. కుటుంబంతో మిరప తోటకు వెళ్లివచ్చిన విద్యార్థి చెప్పగల నిజానికి దరఖాస్తులో గడి లేదు. గడి ఉన్నది జ్వరానికి మాత్రమే. ఒక ప్రాంతపు ఆర్థికస్థితిని ఒక వ్యక్తి అనారోగ్యంగా మార్చి రాయవలసి రావడం పరిభాష చేసే హింసకు స్పష్టమైన ఉదాహరణ.

ఇందులో మరో వైరుధ్యం ఉంది. పాఠశాల విద్యాశాఖకు ఈ సమస్య తెలుసు. వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు ఈ జిల్లాలో నడిచాయి. తల్లిదండ్రులు లేని నెలల్లో పిల్లలు ఊళ్లోనే తిని, పడుకొని, బడికి వెళ్లే ఏర్పాటది. అమలులో లోపాలుండవచ్చు. కాని ప్రభుత్వమే వలసకు ఒక పేరు, ఒక పద్దు, ఒక కాలవ్యవధి ఇచ్చింది. పద్నాలుగేళ్ల పిల్లకు గుర్తించిన వలస పద్దెనిమిదేళ్లు రాగానే మాయమైపోదు. ఉన్నత విద్యాపాలన దృష్టిలో మాత్రం మాయమైపోయింది.

6. అంకెలు చెప్పేవి, చెప్పనివి

2010-11లో ప్రారంభమైన అఖిల భారత ఉన్నతవిద్య సర్వే స్థూల నమోదు నిష్పత్తిని ప్రకటిస్తుంది. 18 నుంచి 23 సంవత్సరాల వయోవర్గ జనాభాతో పోల్చి ఉన్నతవిద్యలో నమోదైనవారి శాతమే అది. 2021-22లో దేశ సగటు 28.4. దీనిని 2035 నాటికి 50కి పెంచాలని 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యంగా పెట్టుకొంది. ఆంధ్రప్రదేశ్ దేశ సగటు కంటే ఎగువనే ఉంది.

ఈ సంఖ్య అబద్ధం కాదు. అది అడిగిన ప్రశ్నకు అది ఇచ్చిన సమాధానం సరైనదే. అయితే ఏ తేదీన లెక్కించారన్నది ముఖ్యం. ఆ సర్వే తొలి దశాబ్దంలో సెప్టెంబరు 30ని ఆధార తేదీగా పాటించింది. దేశం మొత్తానికి అది సౌకర్యమైన తేదీ. పశ్చిమ కర్నూలు విషయంలో మాత్రం సుగ్గికి సరిగ్గా ముందు రోజుల లెక్క. ఊళ్లు నిండుగా ఉన్నప్పుడు తీసిన ఛాయాచిత్రం ఊళ్లు ఖాళీ అయిన నెలలను చూపలేదు. నమోదు అనేది ఒక తేదీ, చదువు అనేది ఒక వ్యవధి. తేదీని వ్యవధికి ప్రతినిధిగా నిలబెట్టడమే ఇక్కడి తర్కదోషం.

మరొక దోషం సగటుది. జిల్లా సగటులో కర్నూలు నగరం, కోసిగి పల్లె కలిసిపోతాయి. డిగ్రీ కళాశాలల వారీగా మొదటి సెమిస్టర్ నమోదు, ఆరవ సెమిస్టర్ పరీక్షకు హాజరైనవారి సంఖ్య పక్కపక్కన పెట్టి చూసే పట్టిక ప్రతి సంస్థ దగ్గరా తయారుకాగలదు. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో దానికి కావలసిన సమాచారం అంతా ఉంటుంది. ప్రవేశాల సంఖ్య పత్రికా ప్రకటన అవుతుంది. ఈ రెండవ పట్టిక మాత్రం ప్రకటన కాదు.

సుగ్గి ఒక్కటే కారణమని చెప్పడం కూడా తొందరపాటే. ఇంజినీరింగ్ మలివిడతలో సీటు రావడం, పోలీసు, సైనిక నియామకాల శిక్షణకు వెళ్లడం, పట్టణంలో దుకాణపు ఉద్యోగం, పెళ్లి, ఆంగ్లమాధ్యమంతో తడబాటు ఇవన్నీ నిష్క్రమణకు దారులే. వేరువేరు కారణాలను వేరువేరుగా రాయనంతవరకు ఏది ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు. సుగ్గి పేరు దస్త్రంలోకి రావాలనడం ఇందుకే. అది తక్కిన కారణాలను కప్పడానికి కాదు, విడదీయడానికి.

7. కరపత్రం, తెలుగు అధ్యాపకుడు

అమెరికాలో ఒక వృత్తిగా ఎదిగిన పని మన దగ్గర అధ్యాపకుడికి అదనపు బాధ్యతగా వచ్చింది. ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత అధ్యాపక బృందాలు కరపత్రాలతో జూనియర్ కళాశాలలకు, పల్లెలకు వెళ్లడం ఏటా కనిపించే దృశ్యం. ఆ కరపత్రం రాసే పని తరచుగా తెలుగుశాఖకు వస్తుంది. ‘భాష మీకు బాగా వచ్చు కదా’ అన్నది అందుకు చెప్పే కారణం. అంటే ఇప్పటివరకు విమర్శించిన పరిభాషకు మనమే లేఖకులం.

ఈ కరపత్రాలకు ఒక స్థిరమైన అమరిక ఉంది. పైన సంస్థ పేరు, గుర్తింపుల వరుస. తరువాత కోర్సుల పట్టిక. ఆపైన విశేషణాల వరుస: అనుభవజ్ఞులైన అధ్యాపకులు, ఆధునిక ప్రయోగశాలలు, విశాలమైన గ్రంథాలయం, ఉపకారవేతన సౌకర్యం, ఉద్యోగావకాశాలు. చివర సంప్రదించవలసిన నెంబర్లు. సినిమా పోస్టరుకు, విత్తనాల ప్రకటనకు ఉన్నట్లే దీనికీ ఒక ప్రక్రియాధర్మం ఉంది. ఇందులో సాధారణంగా లేనివి కూడా నిర్దిష్టమైనవే. ఏ ఊరి నుంచి ఏ బస్సు తరగతి వేళకు అందుతుంది? సుగ్గి నెలల్లో హాస్టల్లో కొత్తగా చోటు దొరుకుతుందా? పది రోజులు తప్పిన పాఠం మళ్లీ ఎవరు చెబుతారు? తెలుగులోనో కన్నడంలోనో చదివి వచ్చినవారికి మొదటి నెలల్లో ఏ సాయం ఉంది? చదివే కుటుంబానికి కావలసిన సమాచారం ఇది. కరపత్రం కుటుంబంతో మాట్లాడుతున్నట్లు కనిపిస్తూ పోటీ కళాశాలతో మాట్లాడుతుంది.

తెలుగుశాఖ పరిస్థితి మరింత సంక్లిష్టం. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నింటికీ ఆంగ్లమాధ్యమం నిర్ణయమైంది. 2023-24 నుంచి ఒకే ప్రధాన విషయం ఉండే విధానం వచ్చింది. మూడు విషయాల కలయికలో ఒకటిగా ప్రత్యేక తెలుగును చదివించిన పాత పద్ధతిలో, చరిత్ర కోసమో రాజనీతి కోసమో వచ్చినవారు కూడా సాహిత్య విద్యార్థులయ్యేవారు. కొత్త పద్ధతిలో తెలుగు తన విద్యార్థులను తానే సంపాదించుకోవాలి. కనీస సంఖ్య రాకపోతే కోర్సు నడవదు, కోర్సు నడవకపోతే పనిభారం ఉండదు, పనిభారం లేకపోతే పోస్టు ఉండదు. అధ్యాపకుడి ఉపాధి, ప్రవేశాల సంఖ్య ఇంత నేరుగా ముడిపడినప్పుడు అతడు కూడా సీటు భాషలోనే ఆలోచించడం మొదలుపెడతాడు. చేర్చడమే రక్షణగా కనిపిస్తుంది. కాని మూడవ సంవత్సరానికి నలుగురే మిగిలే శాఖను మొదటి సంవత్సరంలో చేరిన ముప్పైమంది కాపాడలేరు. నిలుపుకోవడం విద్యార్థికి చేసే దయ కాదు. శాఖ మనుగడకు అదే ఆధారం.

8. ఇంతకుముందు చూసిన దారులు

చదివేవారు వచ్చేదాకా ఎదురుచూడక, వారి జీవనవిధానాన్ని బట్టి సంస్థ మారిన ఉదాహరణలు మనకు లేకపోలేదు. 1982లో హైదరాబాదులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. దాని తొలి ఉపాధ్యక్షుడు జి. రాంరెడ్డి తరువాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, ఆపైన విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి నాయకత్వం వహించారు. ముందరి చదువుల ధ్రువపత్రాలు లేనివారికి కూడా ఒక అర్హత పరీక్షతో డిగ్రీలో ప్రవేశం కల్పించడం ఆ సంస్థ చేసిన సాహసం. ‘అర్హత’ అనే మాట నిర్వచనం మార్చగానే కొత్త విద్యార్థి సముదాయం కళ్లెదుట నిలిచింది. ఇది పరిభాష చేయగల మేలుకు ఉదాహరణ.

రెండవ ఉదాహరణ ఎమ్మిగనూరులోనే ఉంది. సహకార సంఘం పద్ధతిలో నేతకార్మికునికి నూలు అందుతుంది, నేసిన బట్టను సంఘం తీసుకొంటుంది, కూలి చెల్లిస్తుంది. మగ్గం ఉన్న చోటుకు సంస్థే చేరుకొంటుంది. అదే పట్టణంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆదోని ప్రాంతంలో పూజలందుకొనే మహాయోగి లక్ష్మమ్మ పేరు మీద ఉంది. ఊరి విశ్వాసాన్ని పేరులో చేర్చుకొన్న విద్యావ్యవస్థ ఊరి పంచాంగాన్ని కూడా చేర్చుకోగలదు.

ఈ దృష్టితో నాలుగు పనులు సాధ్యం. మొదటిది, హాజరు మినహాయింపు దరఖాస్తులోను, బదిలీ ధ్రువపత్రాల రిజిస్టరులోను కారణాల జాబితాలో ‘సుగ్గి’ లేదా ‘కుటుంబ వలస’ అనే గడి చేర్చడం. రెండవది, ప్రవేశాల కమిటీని ప్రవేశాలతో రద్దు చేయకుండా, మార్చి నెలలో ఇంకా తరగతికి వస్తున్నవారి లెక్కను సమర్పించే బాధ్యతను దానికే అప్పగించడం. మూడవది, సీజనల్ హాస్టల్ భావనను డిగ్రీ స్థాయికి, ముందుగా ఆడపిల్లలకు విస్తరించడం. నాలుగవది తెలుగుశాఖల చేతుల్లోనే ఉంది. డిగ్రీలో తప్పనిసరైన సామాజిక సేవా ప్రాజెక్టులో విద్యార్థులు గ్రామ సర్వే చేస్తున్నారు. ఆ సర్వేకు సుగ్గిని అంశంగా ఇస్తే, గుంపుమేస్త్రీ లెక్కల భాష, మిరపతోటల పదజాలం, తిరిగివచ్చినవారి కథనాలు విద్యార్థుల చేతులతోనే నమోదవుతాయి. తన కుటుంబపు అనుభవం పరిశోధన విషయమైనప్పుడు ఆ విద్యార్థి తరగతికి పరాయివాడు కాడు. తన వాళ్లను వదులుకోకుండానే నిలవడం ఎలాగన్న టియర్నీ ప్రశ్నకు ఇది ఒక చిన్న సమాధానం.

ఇలా పేరు పెట్టడం వలసను సహజమైనదిగా ఒప్పుకోవడమే కదా అన్న అభ్యంతరం రావచ్చు. వలస ఆగాలంటే నీరు, పని, కూలి కావాలి. అది కళాశాల తీర్చగల సమస్య కాదు. కాని అది తీరేదాకా ఒక తరం చదువును ఆపి ఉంచలేం. కనబడని దానిని ఎవరూ ఆపలేరు కూడా.

9. ముగింపు

• నమోదు నిర్వహణ భావనలోని చేర్చుకోవడం మన డిగ్రీ విద్యలో యంత్రాంగంగా మారింది. నిలుపుకోవడం మాటగా కూడా స్థిరపడలేదు.

• ప్రవేశాలలో సంస్థను, నిష్క్రమణలో విద్యార్థిని కర్తగా చూపే పాలనాభాష బాధ్యతను ఒక వైపుకే నెడుతున్నది. ప్రేరణార్థక క్రియల పంపిణీలో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

• ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో విద్యాసంవత్సరం, సుగ్గి సంవత్సరం ఢీకొంటున్నాయి. సెప్టెంబరు లెక్కలు ఈ ఘర్షణను చూపలేవు.

• పాఠశాల స్థాయిలో గుర్తింపు పొందిన వలస, డిగ్రీ స్థాయి దస్త్రాలలో అనారోగ్యంగానో, అశ్రద్ధగానో మారిపోతున్నది.

• కరపత్ర రచయితగా ఈ పరిభాషలో భాగస్వామి అయిన తెలుగు అధ్యాపకుడికే దానిని సరిదిద్దే సాధనాలు కూడా ఉన్నాయి.

దత్తమండలం రాయలసీమ కావడానికి ముందు ఆ మాటను ఎవరో ఒకరు సభలో పలకవలసివచ్చింది. హాజరుపట్టీలో ‘సుగ్గి’ అని రాయడానికి అంత పెద్ద సభ అవసరం లేదు. వచ్చే విద్యాసంవత్సరపు దరఖాస్తులో ఒక గడి చాలు.